ఆ కథలు నీకెందుకంత నచ్చాయి?

కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌కి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చిన నెలకి అనుకుంటా, ఆఫీసు క్యాంటీన్లో డబ్బాలు విప్పుకుంటూ నేను ముస్లిం ఆడవాళ్ల మీద ఆమె రాసిన కథల పుస్తకం ‘హార్ట్ ల్యాంప్’ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను. ఎదురుగా కూర్చున్నది మా స్నేహితురాలు, కడప ముస్లిం అమ్మాయి. బెంగళూరులో పన్నెండేళ్లుగా ఒకే ఆఫీసు మాది. పేరు రాయొద్దంది, రాయను. అంతా విని, చపాతీ ముక్క తుంచుతూ, “ఆ కథలు నీకెందుకంత నచ్చాయి?” అంది.

ఎంత బాగా రాసిందో చూడు అన్నాను.

“బాగా రాసిందని నాకూ తెలుసు. నీకెందుకు నచ్చాయి అంటున్నా.”

“మీ ఆడవాళ్ల జీవితం ఇంత దగ్గరగా…” అని మొదలుపెట్టి, ఆ ‘మీ’ దగ్గరే నాలుక కరుచుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. అన్నంలో పెరుగు కలుపుకుంది. తర్వాత ఇంకేదో మాట్లాడుకున్నాం. కానీ ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికొచ్చి కూర్చుంది, ఇంకా లేవలేదు. దాని సంగతి తేల్చుకుందామనే ఇదంతా రాస్తున్నాను.

ఫార్వర్డ్ అయిన కథ

అవార్డు వచ్చిన వారంలోనే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. ఆ పుస్తకంలోని ‘కరి నాగరగళు’ (నల్ల తాచులు) కథ, ఐదారు వాక్యాల్లో. వరసగా ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారని ఆటో నడిపే యాకూబ్ భార్య అష్రఫ్‌ని వదిలేస్తాడు. జబ్బుపడ్డ పిల్లని ఎత్తుకుని ఆమె న్యాయం అడగడానికి మసీదు దగ్గరికి వెళ్తుంది. మసీదు పెత్తనం చూసే ముతవల్లి పట్టించుకోడు. పిల్ల అక్కడే ప్రాణం విడుస్తుంది. దాని కింద ఎవరో చేర్చిన వాక్యం: “చూశారా, వాళ్ల ఆడవాళ్లే రాస్తున్నారు.” పక్కన దండం పెట్టే బొమ్మలు ఆరు.

కథ అక్కడితో అయిపోదు. ఆ తర్వాత మొహల్లాలోని ఆడవాళ్లు ముతవల్లి ఎదురుపడితే తిట్టిపోస్తారు. కాన్పుల మీద కాన్పులతో అలిసిపోయిన అతని సొంత భార్య అమీనా, ఆపరేషన్ చేయించుకోవడానికి వెళ్తున్నానని అతని మొహం మీదే చెప్పి బయటికి నడుస్తుంది. ఫార్వర్డ్ చేసినవాళ్లకి అమీనాతో పనిలేదు. చచ్చిపోయిన పిల్ల చాలు.

అదే గ్రూపులో ఉన్న మా దూరపు చుట్టాల ఇంట్లో, ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి నెల తప్పిన కోడలికి నాలుగో నెలలో ‘ఏదో అయి పోయిందని’ అందరికీ తెలుసు. ఏమైందని ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు. ఆ ఇంటావిడ కూడా ఆ మెసేజ్‌కి దండం పెట్టింది.

దీనికి విరుగుడుగా సాహిత్యం మనుషులు ఇంకో మాట అంటారు. ఇది స్త్రీలందరి బాధ, దీనికి మతంతో పనిలేదు అని. నిజం చెప్పాలంటే నేనూ మొదట ఈ గుంపులోనే ఉన్నాను. వినడానికి ఎంత బాగుంటుందో! ఎవరినీ నొప్పించదు. కానీ ముతవల్లి అనే మనిషిని తీసేశాక ఆ కథలో ఏం మిగులుతుంది? వక్ఫ్ ఆస్తి చూసుకునే పెత్తనం చేతిలో ఉండి, ఊళ్లో పెళ్లీ విడాకుల పంచాయితీలు తన దగ్గరికే రావాలనుకునే మనిషి అతను. ఆ గద్దె మీద కూర్చోబెట్టి చూస్తేనే అతను అర్థమవుతాడు. ‘అందరి బాధ’ అనగానే ఆ గద్దె కనపడకుండా పోతుంది.

గోలీ సోడా

సరే, నాకెందుకు నచ్చాయి?

మాది హిందూపురం. సరిహద్దు ఊరు కాబట్టి కన్నడం చెవికి అలవాటే, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు పుస్తకం చదివాక దాని పేరున్న కథని కన్నడంలో వెతుక్కుని చదివాను. ‘ఎదెయ హణతె’. హణతె అంటే ప్రమిద. ఇంగ్లీషులో ల్యాంప్ అనేసరికి నాకు బల్లమీద పెట్టుకునే దీపం తట్టింది. ప్రమిద అంటే మట్టిది, వేలెడంత వత్తి, చెంచాడు నూనె. చెయ్యి అడ్డం పెట్టకపోతే నిలవదు.

మెహరూన్ చంకలో బిడ్డతో పుట్టింటికి వస్తుంది. మొగుడు ఒక నర్సుతో ఉంటున్నాడు. అన్నదమ్ములు ఆమె మాట వినేలోపే కుటుంబం పరువు లెక్క వేసుకుంటారు. పరువు మీద ధ్యాస ఉన్నదానివైతే ఒళ్లు కాల్చుకుని చచ్చేదానివి అనే అర్థం వచ్చే మాట కూడా ఒక అన్న నోటి నుంచి వస్తుంది. వెంటబెట్టుకెళ్లి మళ్లీ మొగుడి ఇంట్లోనే దింపేస్తారు. ఆ రాత్రి ఆమె అన్నంత పనీ చేయబోతే పెద్ద కూతురు సల్మా పసిబిడ్డని ఎత్తుకుని పరిగెత్తుకొస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనత్త ఒక రాత్రి రెగ్జిన్ సంచీ, రెండేళ్ల కొడుకుతో మా ఇంటికొచ్చింది. తాత, నాన్న, చిన్నాన్న అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. లోపల మా అవ్వ పొయ్యి ముందు కూర్చుని లేవలేదు. పొద్దున్నే స్టీలు క్యారియర్లో చిత్రాన్నం కట్టారు. నాన్న వాళ్లని బస్టాండుకి తీసుకెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. బస్సు రావడానికి ఇంకా టైముంది. నాన్న మా అత్తకి గోలీ సోడా కొనిచ్చాడు. సగం తాగి మిగతాది నాకిచ్చింది. మా ఇంట్లో ఎవరూ మెహరూన్ అన్నలా మాట్లాడలేదు. “సర్దుకుపోవాలమ్మా” అన్నారంతే, మర్యాదగా. బస్సు కదిలేదాకా నాన్న కిటికీ పక్కనే నిలబడ్డాడు. మంచి మనిషి మా నాన్న. ఇప్పటికీ అదే నాకు మింగుడుపడని సంగతి.

అత్తకిప్పుడు డెబ్బై దాటాయి, మనవలున్నారు. ఆ తర్వాత పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చింది గానీ, ఉండటానికని మా ఇంటికి రాలేదు.

అన్నలు మెహరూన్‌ని మొగుడి ఇంటి ముందు దింపే చోటు చదువుతుంటే నా నోట్లో ఆ సోడా ఘాటు తగిలింది. కాబట్టి నా జవాబు ఇదీ అనుకున్నాను: మా అత్త కనపడింది, అందుకే నచ్చాయి.

ఎవరిని అడిగింది, ఎవరు కాదన్నారు

పుస్తకం రెండోసారి తిరగేసినప్పుడు నాకు ఇంకో సంగతి తోచింది. ఇది నా లెక్క, విమర్శకులు ఒప్పుకుంటారో లేదో. ఈ పన్నెండు కథల్లో చాలావాటికి ఇరుసు ఒక గడప. ఒక ఆడమనిషి ఏదో అడగడానికి ఒక గడప ముందు నిలబడుతుంది. లోపల ఉన్నవాడికి ఆ పని చేయగల శక్తి ఉంది. ఏం వంక పెట్టి తప్పించుకుంటాడన్నదే కథ.

‘ఫైర్ రెయిన్’లో ముతవల్లి ఉస్మాన్ సాహెబ్ చెల్లెలు జమీలా ఆస్తిలో తన వాటా అడుగుతుంది. అంతలో ఒక ముస్లిం శవాన్ని హిందువుల శ్మశానంలో పూడ్చారన్న గొడవ లేస్తుంది. ఇంక చూసుకోండి హడావిడి. మతాన్ని కాపాడే పని నెత్తిన పడ్డవాడికి చెల్లెలి వాటా ఎక్కడ గుర్తుంటుంది? ‘ద ష్రౌడ్’లో అడిగేదీ ఆడమనిషే, మరిచిపోయేదీ ఆడమనిషే. హజ్‌కి వెళ్తున్న డబ్బున్న షాజియాకి పేద యాసీన్ బువా కూడబెట్టిన డబ్బిచ్చి, మక్కాలోని పవిత్రమైన జంజం నీళ్లలో ముంచిన కఫన్ గుడ్డ, అంటే చనిపోయాక ఒంటికి చుట్టే బట్ట, తెచ్చిపెట్టమంటుంది. ఆ షాపింగులో షాజియాకి ఈ ముసలామె గుర్తుండదు. ఆ కథలో మగవాళ్లని తిట్టుకుని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు.

ఇలా రాయడానికి ఆమె బతుకు కూడా కారణమేమో. కన్నడ వారపత్రిక ‘లంకేశ్ పత్రిక’కి విలేకరిగా తిరిగింది, హాసన్ మునిసిపాలిటీలో కౌన్సిలరుగా కూర్చుంది, నల్లకోటు వేసుకుంది. ఈ మూడు పనుల్లోనూ రోజూ జరిగేది ఒకటే: అర్జీ పట్టుకుని ఎవరో ఒకరు ఎదురుగా నిలబడతారు. ఆమె వచ్చిన కన్నడ బండాయ (తిరుగుబాటు) సాహిత్యోద్యమం గురించి చాలామంది చెప్పారు, కాదనను. నాకు మాత్రం ఆమె వాక్యాల్లో లాయరు ఆఫీసు బెంచీ కనిపిస్తుంది. చేతిలో కాగితాలు, ఒళ్లో పిల్ల, “ఏం కష్టమొచ్చిందమ్మా” అని అడగ్గానే అన్నీ ఒకేసారి చెప్పేసే ఆత్రం. కథల్లో కంగారు కూడా ఆ ఆత్రమే. ఒక పేజీలో పది పేర్లొస్తాయి, ఎవరు ఎవరికేమవుతారో తేలేలోపు అరుపులు మొదలవుతాయి. ఇది లోపమే, సుగుణమని బుకాయించను. అత్తాకోడళ్ల పోరు పడలేక యూసుఫ్ తన తల్లికే పెళ్లి సంబంధం చూసే కథ, ఊహ ఎంత గమ్మత్తుగా ఉన్నా, మధ్యలో టీవీ సీరియల్లా సాగింది నాకు.

అన్నట్టు, ఈ దారి వేసింది బాను ఒక్కతే కాదు. కాసరగోడు నుంచి వచ్చిన సారా అబూబకర్ అంతకుముందే ‘చంద్రగిరియ తీరదల్లి’ నవల రాసింది, అదీ లంకేశ్ పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. తండ్రి పంతానికి కాపురం పోగొట్టుకున్న నాదిరా అందులో చివరికి మసీదు కోనేటిలోకి దిగుతుంది. సారా 2023 జనవరిలో పోయారు. బుకర్ రాకముందు బాను పేరైనా మనలో ఎంతమందికి తెలుసు? షాజహానా కవితల పుస్తకం ‘నఖాబ్’ మన భాషలోనే ఉంది, దానికి ఏ అనువాదమూ అక్కర్లేదు. నేను దాన్ని కొన్నది పోయినేడు. సిగ్గుగానే చెబుతున్నాను.

సంతకం

జమీలా కథ దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడ నాకు అత్త కాదు, నేనే కనపడ్డాను.

ముస్లిం చట్టం ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురిది. ఆ సగమే జమీలా అడిగింది. మనకి 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా ఇచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. అంటే కాగితం మీద నేను జమీలా కన్నా మెరుగు. నాన్న పోయిన ఏడాదికి మా అన్న ఫోన్ చేసి, “ఒక సంతకం ఉంది, ఆదివారం వచ్చి సోమవారం పెట్టేసి పోమ్మా” అన్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర, ఫొటో, ఇద్దరు సాక్షులు, గంటలో పని అయిపోయింది. ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు రాసిచ్చాను. తర్వాత హోటల్లో భోజనం. వదిన మంచి ధర్మవరం చీర పెట్టింది, ఆకుపచ్చకి మెరూన్ అంచు.

నన్నెవరూ బలవంతం చేయలేదు. నేను అడగనేలేదు, ఎవరూ కాదననూ లేదు. అడిగితే పుట్టింటి గడప పోతుందని నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. ఉస్మాన్ సాహెబ్‌కి కనీసం తప్పించుకోవడానికి ఒక శవం కావాల్సొచ్చింది. మా అన్నకి అదీ అక్కర్లేకపోయింది.

చట్టం మాటొచ్చింది కాబట్టి ఒకటి. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా నేర విచారణ చట్టం (సీఆర్పీసీ) 125 సెక్షన్ కింద మనోవర్తి అడగొచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది తెలంగాణ నుంచే. ఇదే మాట చెప్పిన షాబానో తీర్పు 1985 నాటిది. ఒకే ప్రశ్నకి ఒకే కోర్టు గడప ముందు ముప్పై తొమ్మిదేళ్లు. ఈ మధ్యలో అష్రఫ్‌లాంటివాళ్లు మసీదు మెట్లమీద కూర్చున్నారంటే, వాళ్లకి ఇంకెక్కడ కూర్చోవాలో తెలియక అనుకోవడం మన అమాయకత్వం.

బస్సులో బయటికి తీయలేని పుస్తకం

అత్త గురించీ సంతకం గురించీ మా స్నేహితురాలికి చెప్పాను. జవాబు దొరికినట్టేనని కొంచెం ఉత్సాహంగానే చెప్పాను. ఆమె వింది. సంతకం సంగతికి “పిచ్చిదానా” అంది ప్రేమగా. తర్వాత అంది:

“మీ అత్త కథ నువ్వు బ్లాగులో రాస్తావు. చదివినవాళ్లు మీ నాన్నని తిట్టుకుంటారు, మహా అయితే హిందూపురాన్ని తిట్టుకుంటారు. మీ మతం ఇంతేనని ఎవరైనా అంటారా? మెహరూన్ కథ నేను చెబితే?”

నా దగ్గర మాట లేదు.

“ఆ పుస్తకం నేను ఆఫీసు బస్సులో బయటికి తీయలేదు, తెలుసా? అందులో ముతవల్లి ఉన్నాడే, అచ్చం మా వీధి ఆయనే. కానీ నిజమే అన్నాననుకో, పక్క సీటాయన తల ఊపుతాడు, ఆయన ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. అబద్ధం అన్నాననుకో, ఆవిడకి ద్రోహం చేసినట్టు. అందుకే ఇంట్లో చదువుకున్నా.”

ఇక్కడే నా అత్త కథ చాలదని తెలిసింది. కథ ఒకటే అయినా చదివినందుకు కట్టాల్సిన ఖరీదు ఇద్దరికీ ఒకటి కాదు. నాకు ఆ పుస్తకం జ్ఞాపకాన్నిచ్చింది. ఆమెని బోనులో నిలబెట్టింది. ‘ముస్లిం స్త్రీల జీవితంలోకి కిటికీ’ అని పొగిడేవాళ్లు మరిచిపోయేది ఇదే. కిటికీలోంచి చూసేవాడి మొహం మీద వెలుతురు పడదు, లోపలున్నవాళ్ల మీదే పడుతుంది.

రాసినావిడ కట్టిన ఖరీదు ఇంకా పెద్దది. ఆడవాళ్లు మసీదులోకి వెళ్లి నమాజు చేసుకునే హక్కు గురించి మాట్లాడినందుకు 2000లో సొంత సమాజంలో వెలివేశారు, బెదిరింపు ఫోన్లు వచ్చాయి, ఒకడు కత్తి పట్టుకుని మీదికొచ్చాడు. పాతికేళ్ల తర్వాత మైసూరు దసరాని ఆమె చేత ప్రారంభింపజేస్తామంటే, ముస్లిం చాముండి కొండ మీద దీపం ఎలా వెలిగిస్తుందని ఇంకో వైపువాళ్లు కోర్టుకెళ్లారు. 2025 సెప్టెంబర్ 19న సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది, 22న ఆమె కొండెక్కింది. 2017లో కన్నడ కవి నిసార్ అహ్మద్ గారు ఇదే దసరాని ప్రారంభించారు, అప్పుడీ గొడవ లేదు. మేలో ఆమె కథలు ఫార్వర్డ్ చేసిన మా గ్రూపులోనే సెప్టెంబర్లో ఆమెని తిడుతూ మెసేజ్‌లొచ్చాయి. ‘వాళ్ల ఆడవాళ్లే రాస్తున్నారు’ అన్న మనిషే ‘వీళ్లకి మన పండగలో ఏం పని’ అని పంపాడు. పాత మెసేజ్ వెతికి కింద పెడదామనుకుని, పెట్టకుండా ఫోన్ పక్కన పడేశాను. అదీ ఒక రకం సంతకమే.

గోబీ మంచూరియా

ఫార్వర్డ్ చేసేవాళ్లెవరూ పంపని కథలు ఈ పుస్తకంలో ఉన్నాయి. నవ్వించేవి. పిల్లలకి అరబ్బీ నేర్పడానికి వచ్చే మాస్టారొకాయనకి గోబీ మంచూరియా పిచ్చి. అది చేయడం వచ్చిన పిల్లే పెళ్లాంగా కావాలంటాడు. ‘రెడ్ లుంగీ’లో వేసవి సెలవులకి ఇంటినిండా పిల్లలు చేరి, వాళ్ల అల్లరికి రజియా తల పగిలిపోతుంటే ఆమెకి తట్టిన ఉపాయం, మగపిల్లలకి వరసగా సున్తీ చేయించి మంచమెక్కించడం. మొదటి కథలో మొగుణ్ని నలుగురిలో ఏమని పిలవాలో తేలక మల్లగుల్లాలు పడే ఆవిడ ఉంది. కన్నడంలో ‘యజమాన’ అంటే అతను యజమాని, తను దాసీ అయిపోతుందని ఆమె బాధ. మన ‘మావారు’ దగ్గర నేనూ ఆగి ఆలోచించాను. ‘మా’ ఒక్కటే అయితే సరిపోయేది, ఆ ‘వారు’ ఎందుకో!

దీపా భాస్తి ఇంగ్లీషు అనువాదంలో ఇలాంటి మాటల్ని వాలు అక్షరాల్లో పెట్టలేదు, కింద వివరణలివ్వలేదు. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, తెలియనివాళ్లు తెలుసుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టానికి గదులన్నీ తిప్పి చూపించకుండా నేరుగా వంటింట్లో పీట వేసినట్టు ఉంటుంది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివి పెరిగిన మన పాఠకులకి ఆ వంటింటి నవ్వు కొత్తేమీ కాదు. బాధ ఉంటేనే ముస్లిం ఇంటి కథ అనే అలవాటు మనకి ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

పోయిన నెల మా స్నేహితురాలి అమ్మగారు కడప నుంచి వస్తే చూడ్డానికి వెళ్లాను. ఆంటీకి కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు. “అదేదో బుక్కుకి ప్రైజొచ్చిందంటనే, ఒక కత చెప్పు” అంది. మా స్నేహితురాలు నా వైపు చూసింది. మెహరూన్‌నీ అష్రఫ్‌నీ పక్కన పెట్టి, అరబ్బీ మాస్టారి కథ ఎత్తుకున్నాను. మాస్టారు పిల్లలకి పాఠం మానేసి గోబీ తినే చోటికి వచ్చేసరికి ఆంటీ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా వీధి మౌల్సాబ్‌కి ఇట్లే బొబ్బట్ల పిచ్చి అని మధ్యలో తన కథ చెప్పింది. అది నా కథ కన్నా బాగుంది.

“పెండ్లయిందా అతనికి?” అంది కళ్లు తుడుచుకుంటూ.

చెప్పబోయాను. “ఆగు, చెప్పొద్దు. ఫస్టు ఇది చెప్పు, మంచూరియాకి గోబీని ఉప్పునీళ్లలో ఏసినాడా లేదా? పురుగులుంటాయి దాంట్లో” అంది. కథలో ఆ సంగతి ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. మా స్నేహితురాలు లోపలికెళ్లి పుస్తకం తెచ్చి ఆ పేజీ వెతకడం మొదలుపెట్టింది.